ఆట పెట్టె వేరు, కంప్యూటరు వేరు: కొనే ముందు తెలుసుకోవలసిన సంగతి

దీపావళి బోనసు చేతికి వచ్చే రోజుల్లో మన ఇండ్లల్లో ఈ మధ్య ఒక మాట వినబడుతున్నది. "బాపూ, నాకు ప్లేస్టేషన్ కావాలె" అంటడు పిల్లగాడు. "అదేంది, ఆటలు ఆడుకునేదేనా?" అని తండ్రి అడుగుతడు. పిల్లగాడు జవాబు ముందే తయారు చేసి పెట్టుకుంటడు. "ఆటలే కాదు బాపూ, లోపల అంతా కంప్యూటరే. ఇంత గట్టి కంప్యూటరు ఈ ధరకు ఎక్కడ దొరకదు."

యాభై వేల రూపాయలంటే మన ఇండ్లల్లో చిన్న సొమ్ము కాదు. సాంచాలు నడిపే మనిషికి గాని, బీడీలు చుట్టే తల్లికి గాని అది ఎన్నో నెలల కష్టం. చిట్టీ పాడో, కిస్తీల మీదనో తేవాల్సిందే. అందుకని ఆ పిల్లగాని మాటలో నిజం ఎంత ఉన్నది అనేది తేల్చుకోవడం అవసరం. షోలాపూర్ అయినా భీవండి అయినా ముంబై అయినా, మన వాడల్లో తల్లిదండ్రులు ఇదే అడుగుతున్నరు. మా మనవడు చదివి వినిపించినవి, కంప్యూటర్లు రిపేరు చేసే పిల్లలను కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్తాను. పిల్లగాడు అబద్ధం ఆడుతలేడు. సగం నిజమే చెప్తున్నడు. మిగతా సగంలోనే మన పైసలు ఉన్నయి.

లోపల సామాను ఒక్కటే

కంప్యూటరు మూత విప్పి చూస్తే ముఖ్యమైనవి నాలుగు. లెక్కలు చేసే ప్రాసెసర్ ఒకటి. పని నడుస్తున్నంత సేపు సంగతులు గుర్తు పెట్టుకునే ర్యామ్ ఒకటి. కరెంటు పోయినా దాచి ఉంచే హార్డ్ డిస్కు, లేకుంటే ఎస్.ఎస్.డి. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు.

గేమింగ్ కన్సోల్ అనే ఆట పెట్టెను విప్పినా ఇవే ఉంటయి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, మళ్ళ 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, వీటన్నిటిలో ఏ.ఎం.డి. కంపెనీ చిప్పులే. అదే కంపెనీ చిప్పులు దుకాణంలో దొరికే మామూలు కంప్యూటర్లల్లో గూడ వస్తయి. చిప్పుల జాతి గూడ ఒక్కటే. కాబట్టి "లోపల అంతా కంప్యూటరే" అన్న మాట నిజమే.

మన సర్కారు మాత్రం రెండింటినీ వేరుగానే చూసింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు కంప్యూటరు మీద 18 శాతం పన్ను వేసి, వీడియో గేమ్ కన్సోల్ మీద 28 శాతం వేసింది. ఒకటి పని సామాను, ఇంకొకటి షోకు సామాను అని లెక్క. 2019 జనవరి నుంచి కన్సోల్ పన్ను గూడ 18 శాతానికి దించినారు. పన్ను సమానం అయింది గాని వస్తువులు సమానం కాలేదు.

అట్టలు కొట్టేది ఎవరు?

ఈ తేడా పెద్ద చదువులు చదివినోళ్ళ కంటే మనకే తొందరగా అర్థమైతది. ఎందుకంటే మనం జకార్డు ఎరిగినోళ్ళం.

జకార్డు మగ్గం మీద చద్దరు నేసేటప్పుడు పైన అట్టల దండ తిరుగుతుంటది. అట్టలో చిల్లు ఉన్న చోట సూది లోపలికి పోతది, దాని పడుగు పోగు పైకి లేస్తది. చిల్లు లేని చోట పోగు కిందనే ఉంటది. అట్టల దండ మారిస్తే నెమలి పోయి పువ్వు వస్తది. మగ్గం అదే, నూలు అదే, పనివాడు అదే. మారింది అట్టలు మాత్రమే. ఫ్రాన్సు దేశంలో లియాన్ అనే పట్టు నేత ఊరికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో ఈ పద్ధతి నిలబెట్టినాడు.

కంప్యూటరు పుట్టింది గూడ ఈ ఆలోచన లోంచే. 1830లల్లో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అనే ఆయన లెక్కలు చేసే పెద్ద యంత్రం ఒకటి గీసుకొని, దానికి జకార్డు అట్టల వంటి అట్టలతోనే హుకుములు ఇవ్వాలనుకున్నడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ చిల్లుల అట్టలనే వాడినాడు. ఆయన పెట్టిన కంపెనీ వేరే కంపెనీలతో కలిసి తర్వాత ఐ.బి.ఎం. అయింది. ఇప్పుడు మనం సాఫ్ట్‌వేర్ అంటున్నది ఆ అట్టల దండనే. యంత్రం ఒక్కటే, అట్టలు మారిస్తే పని మారుతది.

మరి ఆట పెట్టెలో గూడ ఆటలు మార్చవచ్చు గదా అంటే, నిజమే. 1972లో అమెరికాలో మాగ్నవాక్స్ కంపెనీ ఒడిస్సీ అనే పేరుతో టీవీకి తగిలించే మొదటి ఆట పెట్టెను అమ్మింది. ఆ తర్వాత వచ్చిన పెట్టెలల్లో చాలా వరకు లోపల బిగించిన ఆటలే, మార్చడానికి లేదు. 1977లో అటారీ కంపెనీ క్యాసెట్లు మార్చుకునే పెట్టె తెచ్చి దాన్ని ఇంటింటికి చేర్చింది. అంటే ఆట పెట్టె గూడ అట్టలు మార్చే మగ్గమే అయింది.

తేడా ఎక్కడంటే, ఆ అట్టలు కొట్టే హక్కు ఎవరిది అన్న దగ్గర. కంప్యూటరుకు అట్టలు ఎవరైనా కొట్టవచ్చు. మీరు కొట్టవచ్చు, మీ బిడ్డ కొట్టవచ్చు, పక్క వాడ పిల్లగాడు కొట్టి ఇచ్చినా అది నడుస్తది. ఆట పెట్టెకు మాత్రం కంపెనీ ముద్ర ఉన్న అట్టలే నడుస్తయి. ముద్ర లేకుంటే యంత్రం వాటిని ముట్టుకోదు.

తాళం ఎందుకు పెట్టినారు

ఈ ముద్ర మొదటి నుంచీ లేదు. అటారీ పెట్టెకు ఎవరు పడితే వాళ్ళు క్యాసెట్లు చేసి అమ్మినారు. పనికిరాని ఆటలు బజారు నిండా పడినయి. కొన్నవాళ్ళకు విసుగు పుట్టింది. 1983లో అమెరికాలో ఆ వ్యాపారమే కూలిపోయింది. కొట్లల్లో సరుకు మూలుగుతుంటే కంపెనీలు మూతబడినయి.

అదే సంవత్సరం జపానులో నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే పెట్టె విడుదల చేసింది. 1985లో దాన్ని మార్చి అమెరికాకు తెచ్చినప్పుడు పెట్టెలో ఒక చిప్పు, క్యాసెట్టులో దాని జోడి చిప్పు పెట్టింది. రెండూ ఒకదాన్ని ఒకటి గుర్తు పడితేనే ఆట నడుస్తది. తాళం, తాళం చెవి అన్నట్టు. అప్పటి నుంచి వచ్చిన ఆట పెట్టెలల్లో చాలా వరకు ఏదో ఒక రూపంలో ఆ తాళం ఉంటనే ఉన్నది.

మన బజార్లల్లో 1990లల్లో పసుపు పచ్చ క్యాసెట్లతో వీడియో గేమ్ పెట్టెలు వచ్చినయి, గుర్తుండే ఉంటది. మారియో, కాంట్రా ఆడని పిల్లగాడు లేడు. ఒక క్యాసెట్టు మీద 9999 ఆటలు అని రాసి ఉండేది, లోపల చూస్తే అవే ఆటలు మళ్ళ మళ్ళ. ఆ పెట్టెలు చాలా వరకు ఫ్యామికామ్‌కు నకళ్ళు. జపాను పెట్టెలో ఆ తాళం చిప్పు లేకపోవడం నకలు కొట్టేవాళ్ళకు సులువైంది.

మగ్గం మనది, నూలు సేఠ్‌ది

తాళం వెనుక వ్యాపారం ఏందో మనకు ఇంకా బాగా తెలుసు. మజూరీ మీద సాంచాలు నడిపినవాళ్ళను అడగండి. సాంచా మనం కొన్నదే. కరెంటు బిల్లు మనమే కడతం. కాని నూలు సేఠ్ ఇచ్చిందే పొయ్యాలె, బట్ట సేఠ్‌కే ఇయ్యాలె, రేటు సేఠ్ చెప్పిందే. మగ్గం మన ఇంట్లో ఉన్నా పెత్తనం మనది కాదు.

ఆట పెట్టె గూడ ఇట్లనే ఉంటది. కంపెనీ పెట్టె మీద చాలా తక్కువ లాభం చూసుకుంటది. ఒక్కోసారి నష్టానికి గూడ అమ్ముతది. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 తయారీ ఖర్చు కంటే తక్కువకే అమ్ముడుపోయింది. మరి ఆ నష్టం ఎవరు పూడుస్తరు? పెట్టె కొన్న మనమే. ఆ పెట్టె మీద అమ్ముడయ్యే ప్రతి ఆటలో కంపెనీకి వాటా ఉంటది. కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మితే మామూలుగా నూటికి ముప్పై దాకా ఆ వాటా పోతది. చాలా ఆటలల్లో ఊరవతలి స్నేహితులతో ఇంటర్నెట్ మీద కలిసి ఆడాలంటే విడిగా చందా కట్టాలె.

ఒక లెక్క చూడండి. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్కు పెట్టే రకం ధర 49,990 రూపాయలు. సొంత కంపెనీ కొత్త పెద్ద ఆట ఒక్కోటి 4,999. మూడు ఆటలు కొంటే 14,997. పెట్టెతో కలిపి 64,987. దీని మీద చందా వేరే, మంచి టీవీ లేకుంటే టీవీ వేరే. ధరలు తర్వాత మారినయి, పండుగలకు తగ్గింపులు గూడ ఉంటయి. కాని లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. పెట్టె ధర ఒక్కటే చూసి "కంప్యూటరు కంటే చవక" అనుకోవద్దు.

ఇంకొక సంగతి. డిస్కు పెట్టే చోటు లేని రకం అప్పుడు 39,990కే వచ్చింది, పది వేలు తక్కువ. కాని దాంట్లో ప్రతి ఆట కంపెనీ దుకాణంలోనే కొనాలె. డిస్కు ఉన్న పెట్టె అయితే పాత డిస్కు సగం ధరకు తెచ్చుకోవచ్చు, ఆడిన డిస్కు అమ్ముకోవచ్చు, స్నేహితునితో మార్చుకోవచ్చు. ఆ పది వేలు మిగిలినట్టే అనిపిస్తది గాని, రెండేండ్లల్లో ఎటు పోతదో చెప్పలేం.

వెయ్యిన్ని ఏడువందల అరవై పెట్టెల కథ

పెత్తనం ఎవరిది అన్నదానికి ఒక మంచి ఉదాహరణ ఉన్నది. ప్లేస్టేషన్ 3 వచ్చిన కొత్తల్లో సోనీ కంపెనీ దాంట్లో ఒక సౌకర్యం ఇచ్చింది. కావాలంటే లినక్స్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించుకొని దాన్ని మామూలు కంప్యూటరు తీరుగా వాడుకోవచ్చు. అమెరికా వైమానిక దళం వాళ్ళ పరిశోధన కేంద్రం ఇది చూసి 1,760 ప్లేస్టేషన్ 3 పెట్టెలను ఒకదానికొకటి జోడించి 2010లో ఒక సూపర్ కంప్యూటరు కట్టింది. నష్టానికి అమ్మే పెట్టె గనుక వాళ్ళకు చవకగా పడ్డది.

అదే 2010 ఏప్రిల్‌లో సోనీ ఒక కొత్త సాఫ్ట్‌వేర్ పంపి ఆ సౌకర్యాన్ని తీసేసింది. భద్రత కోసం అని చెప్పింది. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోకుంటే ఇంటర్నెట్ మీద ఆడటం బంద్. ఎక్కించుకుంటే లినక్స్ బంద్. పైసలు పోసి కొన్నవాళ్ళు అమెరికాలో కోర్టుకు పోయినారు. లోపలి సామాను ఏమీ మారలేదు, ఒక్క స్క్రూ గూడ విప్పలేదు. కాని నిన్న కంప్యూటరుగా పని చేసిన వస్తువు తెల్లారి ఉత్త ఆట పెట్టె అయింది. దీన్ని బట్టి కంప్యూటరును కంప్యూటరు చేసేది లోపలి చిప్పు కాదని, దాని మీద ఏం నడపాలో చెప్పే అధికారమని అర్థమైతది.

ఈ కొలతతో వేరే వస్తువులను గూడ కొలవవచ్చు. వాల్వ్ అనే కంపెనీ 2022లో స్టీమ్ డెక్ అని చేతిలో పట్టుకొని ఆడేది తెచ్చింది. చూస్తే ఆట పెట్టె తీరే. కాని కొన్నవాడు దాని మీద ఇష్టమొచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు. కాబట్టి అది కంప్యూటరు జాతే.

ఆట పెట్టె మంచి గుణాలు

ఇదంతా చదివి ఆట పెట్టె మోసమని అనుకోవద్దు. దాని పని అది బాగా చేస్తది. ఆటలు తయారు చేసేవాళ్ళకు ప్రతి పెట్టెలో లోపల ఏమున్నదో ముందే తెలుసు, అన్నీ ఒక్క తీరే. అందుకని ఆట ఆ పెట్టెకు కొలిచి కుట్టిన అంగీ తీరుగ కుదురుతది. కొంటే టీవీకి తగిలించి ఆడుకోవడమే. వైరస్సుల బాధ చాలా తక్కువ. ఒక తరం పెట్టె సుమారు ఏడేండ్లు నడుస్తది: ప్లేస్టేషన్ 3 2006లో, 4 2013లో, 5 2020లో వచ్చినయి. అంత వరకు కొత్త ఆటలు పాత పెట్టె మీదనే ఆడుకోవచ్చు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 అయితే పన్నెండేండ్ల పైన తయారైంది, పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

అదే నాణ్యతతో పెద్ద ఆటలు ఆడే కంప్యూటరు కావాలంటే గ్రాఫిక్స్ కార్డు విడిగా వేయించాలె. ఆ కార్డు ఒక్కదానికే మిగతా కంప్యూటరంత ఖర్చు కావచ్చు. "కంప్యూటరు తెస్తే ఆటలు గూడ ఆడుకోవచ్చు గదా" అని తండ్రి అనుకోవడం గూడ సగం నిజమే. చవక ల్యాప్‌టాప్ మీద ఆ పెద్ద ఆటలు నడవవు, చిన్నవే నడుస్తయి. ఈ మాట పిల్లలకు ముందే చెప్పాలె, తర్వాత ఇంట్లో కొట్లాట కాకుండ.

కంప్యూటరుతో అయ్యే పనులు

కాలేజీ ప్రాజెక్టు రాయడం, ట్యాలీ నేర్చుకోవడం, నౌకరీకి ఫారం నింపడం, సాఫ్ట్‌వేర్ రాయడం, ఇవి కంప్యూటరు మీద అయ్యే పనులు. కొన్ని ఆట పెట్టెలల్లో ఇంటర్నెట్ చూసే బ్రౌజరు ఉంటది, కీబోర్డు గూడ తగిలించవచ్చు. అయినా ట్యాలీ ఎక్కించలేం, సొంత ప్రోగ్రాం రాసి ఇష్టమున్నట్టు నడిపించలేం. ముద్ర లేదు గదా.

మన పని సంగతే చూడండి. ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చిన చోట అట్టలే లేవు. డిజైను కంప్యూటరు మీద గీసి ఫైలుగా మగ్గానికి పంపుతరు. తాత అట్టలు కుట్టిన ఇంట్లో మనవడు ఆ డిజైను గీసే పని నేర్చుకోవాలంటే కంప్యూటరు కావాలె.

ఆఖరికి ఆటలు తయారయ్యేది గూడ కంప్యూటరు మీదనే. 2009లో హైదరాబాదులో అరోనా కంపెనీ ప్లేస్టేషన్ 2 కోసం హనుమంతుని కథతో ఒక ఆట చేసింది. ఆట ఆడింది పెట్టె మీద, దాన్ని అల్లింది కంప్యూటర్ల మీద. ఆటల మీద నిజంగా పిచ్చి ఉన్న పిల్లలకు ఈ మాట చెప్పండి. బ్లెండర్, గోడో, పైథాన్ వంటి సామాను ఉచితంగా దొరుకుతది. ఆడేవాడికి పెట్టె చాలు, ఆట చేసేవాడికి కంప్యూటరు కావాలె.

చెడిపోతే బాగు చేయడం గూడ తేడానే. మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరులో ర్యామ్ పోతే ర్యామ్ మార్చవచ్చు, డిస్కు చాలకపోతే పెద్దది వేయవచ్చు, చౌరస్తాలో రిపేరు పిల్లగాడు చేస్తడు. ఆట పెట్టెలో ముఖ్యమైన చిప్పులు, ర్యామ్ అన్నీ ఒకే బోర్డు మీద అతికించి ఉంటయి. ల్యాప్‌టాపులల్లో గూడ కొన్ని ఇట్లనే వస్తున్నయి, అడిగి తీసుకోవాలె.

మా వాడలో ఒక ఇంటి సంగతి

మా వాడలో బీడీలు చుట్టే ఒక చెల్లె ఉన్నది. భర్త లేడు. కొడుకు పదకొండు చదువుతున్నడు, బిడ్డ బీకాం. చిట్టీ పాడితే నలభై వేలు వచ్చినయి. కొడుకు ఆట పెట్టె అడిగినాడు, "అక్క చదువుకు గూడ పనికొస్తది" అన్నడు. ఆమె నా దగ్గరికి వచ్చి, "అన్నా, అది కంప్యూటరేనా కాదా, ఒక్క మాట చెప్పు" అన్నది.

నేను ఒక్క మాట చెప్పలేదు. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఒక కాగితం ఇచ్చి, ఈ సంవత్సరం ఆ యంత్రం మీద చేయాలనుకున్న పనులు రాయమన్నాను. కొడుకు రెండు రాసినాడు, బిడ్డ ఏడు రాసింది. అప్పుడు ఒక్కో పని పక్కన "పెట్టె మీద అవుతదా?" అని వాణ్ణే రాయమన్నాను. వాడు తెలివిగల పిల్లగాడు. బిడ్డ రాసిన ఏడింటికీ వాడే "కాదు" అని రాసినాడు. ఎవరూ వాణ్ణి తిట్టలేదు.

పాత ఆఫీసు ల్యాప్‌టాపును బాగు చేసి, ఆరు నెలల వారంటీతో అమ్మేది 22,000కు దొరికింది. మిగిలిన పైసల్లో బిడ్డ ఫీజు కట్టినారు. కొడుకు ఆదివారం గంటకింత అని ఇచ్చి గేమ్ పార్లర్‌లో ఆడి వస్తున్నడు. వానికి ఇంకా పెట్టె మీద మనసున్నది, అది తప్పేమీ కాదు. నౌకరీ వచ్చినాక సొంత పైసలతో కొనుక్కుంటనంటున్నడు.

బిడ్డకు ఇంట్లో అప్పటికే కంప్యూటరు ఉండి ఉంటే, అప్పు లేకుండ ఉంటే, ఆ పెట్టె కొనమనే నేను చెప్పేవాణ్ణి. పిల్లలు ఆడుకోవాలె గదా.

దుకాణానికి పోయే ముందు

ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసుకొని పోండి.

ఒకటి, ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తరు? ఆడటం ఒక్కటే అయితే పెట్టె, చదువు గాని నౌకరీ పని గాని ఒక్కటి ఉన్నా ముందు కంప్యూటరు.

రెండు, పెట్టె ధర ఒక్కటే అడగొద్దు. రెండేండ్లకు ఆటలు, చందా, టీవీ కలిపి ఎంత అయితదో అడగండి. కంప్యూటరు అయితే తెర, కీబోర్డు, యూపీఎస్ ఖర్చు కలుపుకోండి.

మూడు, డిస్కు పెట్టేదా, పెట్టనిదా? పాత డిస్కులు మీ ఊళ్ళో దొరుకుతయా?

నాలుగు, చెడిపోతే ఎవరు బాగు చేస్తరు, ఏ ఊళ్ళో? వారంటీ కాగితం మీద దుకాణం ముద్ర, తేదీ, యంత్రం నంబరు ఉన్నయా చూసి తీసుకోండి. బిల్లు లేకుండ తగ్గిస్తమంటే ఒప్పుకోవద్దు, వారంటీకి బిల్లే ఆధారం.

దుకాణానికి పిల్లలను గూడ వెంట తీసుకపోండి. లెక్క వాళ్ళతోనే వేయించండి.